అరకులో మా గుడారం

విహారయాత్రను గూర్చి ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని పత్రికా సంఘం వారు కోరినప్పుడు నా తోటివారిలో కొందరు గోల్కొండను, కొందరు తాజ్‌మహలును ఎన్నుకున్నారు. ఆ రెంటినీ నేను చూడలేదు. చూడని దానిని పుస్తకాలలో చదివి వర్ణించడం కంటె, చూసిన కొద్దిపాటి దానినే ఉన్నదున్నట్లు చెప్పడం మేలని తోచి, 2023వ సంవత్సరం మే నెలలో మా కుటుంబమంతా అరకులోయలో గుడారం వేసుకుని గడిపిన మూడు రాత్రులను గూర్చి వ్రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం, భావనపాడు. తెల్లవారి వాకిలి తీస్తే తూర్పున సముద్రం, పడమటి దిక్కున నౌపడ ఉప్పుమళ్ళు. ఆ రెంటి నడుమ మా బ్రతుకు. మాకు కూతవేటు దూరంలో ఉన్న తేలినీలాపురానికి ఏటా శీతకాలంలో గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుని, పిల్లలను పెంచుకుని వెళ్ళిపోతాయి. వాటిని చూడడానికి పట్టణాల నుండి జనం కార్లు వేసుకుని వస్తారు. పక్షులు సైతం ఏడాదికొకమారు ఊరు మారుస్తాయి గాని, వేడుక కోసం ఊరు దాటి వెళ్ళిన మనిషి మా వీధిలో ఒక్కడూ లేడు. పెళ్ళికి వెళతారు, ఆసుపత్రికి వెళతారు, కూలికి వెళతారు. ఊరక చూడడానికని వెళ్ళరు.

మా నాన్న పేరుపొందిన వేటగాడు. కొండ అంటే ఆయనకు ఒక గుర్తు మాత్రమే. వాన వెలిసిన ఉదయాలలో మా ఇసుకతిన్నెల మీద నిలబడి చూస్తే టెక్కలి వైపు కొండలు నీలంగా కనబడతాయి. తెప్ప మీద లోనికి పోతున్నకొద్దీ ముందు తాటితోపు, తరువాత ఊరు, ఆ తరువాత కొండ పాదం, చివరకు కొండ శిఖరం నీటిలోకి దిగిపోతాయట. "కొండ మునిగింది" అని ఆయన అంటే ఇక ఒడ్డు కనబడనంత దూరం వెళ్ళారని అర్థం. తిరిగి వచ్చేటప్పుడు మొట్టమొదట ఆ శిఖరమే పైకి లేస్తుంది. నలభై ఏళ్ళు కొండను చూసుకుంటూ ఇల్లు చేరిన ఈ మనిషి ఒక్కనాడూ ఏ కొండనూ ఎక్కి ఎరుగడు.

ఆయనను కొండెక్కించాలని పట్టుబట్టినవాడు మా అన్నయ్య. అన్నయ్యను గూర్చి కొంత చెప్పక తప్పదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరాన్ని తాకినప్పుడు ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమైన సంగతి అందరూ ఎరుగుదురు. మా తెప్ప, రెండు జతల వలలు కూడా ఆ రాత్రే పోయాయి. అప్పుచేసి ఇంజను పడవ కొన్నాము. ఆ అప్పు తీర్చడానికి అన్నయ్య మరుసటి సంవత్సరం గుజరాతులోని వెరావల్ రేవుకు మరబోట్ల పనికి వెళ్ళాడు. మా జిల్లా నుండి అలా వెళ్ళేవారు వేలసంఖ్యలో ఉన్నారు. ఆగస్టులో పోతారు, ఏప్రిలులో వస్తారు. తండేలు అనబడే పెద్ద ఒకడు ఊళ్ళో మనుషులను కూర్చుకుని, బయానాలు ఇచ్చి తీసుకుపోతాడు. అన్నయ్య వెళ్ళడానికి ముందటి ఏడాది నవంబరులోనే మా జిల్లా, విజయనగరం జిల్లాల వారు కొందరు అక్కడి సముద్రంలో సరిహద్దు దాటారని పాకిస్తాను వారి చేతికి చిక్కి, కరాచీ జైలులో పడి ఉండగా, 2020 జనవరిలో 20 మంది విడుదలై వాఘా మీదుగా ఇళ్ళు చేరారు. ఆ వసంతంలోనే లాక్‌డౌను వచ్చి వెరావల్‌లో చిక్కుబడిన మావాళ్ళను వేలమందిని బస్సులలో తీసుకువచ్చారు. ఆ బస్సులలో ఒకదానినుండి అన్నయ్య దిగినప్పుడు మా అమ్మ ఏడవలేదు. లోపలికి పోయి అన్నం వండింది. అయినా ఆ ఆగస్టులో వాడు మళ్ళీ వెళ్ళాడు. నా హాస్టలు ఖర్చు, చెల్లి బడి ఖర్చు, పడవ అప్పు ఆ జీతం మీదే నడుస్తున్నవి.

తూర్పు తీరంలో ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలకు వేట నిషేధం. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు. మా ఇళ్ళలో తండ్రీకొడుకులు ఒకే కప్పు క్రింద పడుకొనే రోజులు ఏడాదిలో అవే. మిగిలినవారికి వేసవి సెలవులు ఉన్నట్టే మాకు ఇవి సముద్రం ఇచ్చే సెలవులు. వలలు బాగుచేసుకోవడం, పడవకు రంగు వేయడం, పెళ్ళిళ్ళు చేయడం అన్నీ అప్పుడే. ఆ ఏడు ఏప్రిలు 19న మా పొరుగునున్న మూలపేట వద్ద ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఊరంతా అదే మాట. ఎవరి ఇల్లు పోతుంది, ఎవరికి ఎంత వస్తుంది, వేట ఎక్కడ సాగుతుంది అని అరుగుల మీద తెల్లవార్లూ చర్చలు. నాన్న ఆ చర్చలలో కూర్చునేవాడు గాని నోరు విప్పేవాడు కాడు. ఆయన కుడిభుజం అప్పటికి రెండేళ్ళుగా సరిగా లేదు. ఆ సంగతి మేమెవరమూ పైకి అనేవాళ్ళం కాము.

"ఈ ఏడు అమ్మనీ నాన్ననీ అరకు తీసుకెల్తాను," అన్నాడు అన్నయ్య. నాన్న మొదట నవ్వాడు. తరువాత ఖర్చు లెక్క అడిగాడు. వేసవిలో అరకు హోటళ్ళలో గది అద్దె ఎంతో తెలుసుకుని, "ఆ డబ్బుకి రెండు వలలొస్తాయి," అని తేల్చివేశాడు. అప్పుడు నాకు గుడారం ఆలోచన వచ్చింది. మన కళాశాలలో ఉర్దూ శాఖలో చదువుతున్న నా స్నేహితురాలి తండ్రిగారికి టెంటు హౌసు ఉంది. పెళ్ళిపందిళ్ళలో సామానుకు కాపలా పడుకునే మనిషి కోసం కుట్టించిన పాత కాన్వాసు డేరా ఒకటి ఆయన వద్ద ఉన్నది. నా స్నేహితురాలు దానిని ఖైమా అంటుంది, మా మేష్టారు గుడారం అంటారు, టెంటు హౌసు పుస్తకంలో మాత్రం "చిన్న డేరా 1, మేకులు 12, సుత్తి 1" అని వ్రాసి నా చేత సంతకం చేయించుకున్నారు. అద్దె మాట ఎత్తితే, "వచ్చాక చూద్దాంలే అమ్మా," అన్నారు ఆయన.

మే రెండవ వారంలో నాన్న, అమ్మ, అన్నయ్య, నేను, పదేళ్ళ చెల్లి బయలుదేరాము. డేరా మూట, పడవ మీద కప్పే టార్పాలిను, నైలాను త్రాడు, కిరసనాయిలు పొయ్యి, బియ్యం, గోనెసంచిలో అమ్మ సర్దిన ఎండు నెత్తళ్ళు, ఎండురొయ్యలు. "కొండమీద ఏటి దొరుకుతాదో ఏటో," అన్నది ఆమె. నౌపడలో ప్యాసింజరు ఎక్కి, విశాఖ స్టేషనులో ఆ రాత్రి గడిపి, తెల్లవారి కిరండోలు ప్యాసింజరులో కూర్చున్నాము.

ఆ రైలుమార్గాన్ని గూర్చి మన పాఠ్యపుస్తకాలలో లేదు గనుక నాలుగు మాటలు చెబుతాను. బైలదిల్లా కొండలలోని ఇనుపరాయిని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి 1960ల దశకంలో జపాను వారి సహకారంతో దీనిని నిర్మించారు. మనుషుల కోసం వేసినది కాదు. రాయి కోసం వేసిన దారిలో మనుషులు కూడా ఎక్కుతున్నారు, అంతే. శృంగవరపుకోట దాటిన తరువాత రైలు కొండ నడుమును పట్టుకుని మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. మొత్తం మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయట. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఏకకంఠంతో కేకలు వేయడం ఆ రైలులో ఆచారం. మా చెల్లి కేకలు వేస్తూనే సొరంగాలు లెక్కపెట్టబోయి పదిహేడు దగ్గర తప్పిపోయింది. నాన్న మాత్రం కిటికీ వద్ద కూర్చుని లోయలోకి చూడక, ఎదుటి కొండల కొనలను చూస్తున్నాడు. ఒకచోట, "ఇవన్నీ ఒకదాని ఎనక ఒకటి ఉన్నాయేటి? సముద్రం మీంచి సూస్తే ఒకటే గీతలాగుంటాది," అన్నాడు. ఆ మార్గంలో శిమిలిగూడ అనే స్టేషను ఉన్నది. 996 మీటర్ల ఎత్తున ఉండి, దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలో ఎత్తైనదిగా ఒకప్పుడు పేరుపొందినది. అక్కడ కిటికీలోనుండి తగిలిన గాలికి అమ్మ కొంగు తలమీదికి లాక్కున్నది. మే నెలలో మా ఊళ్ళో ఎవరూ చలికని కొంగు కప్పుకోరు.

అరకులో రంగురంగుల నైలాను గుడారాలు వరుసగా వేసి, నడుమ నెగడు పెట్టి, పాటలు వేసి అద్దెకిచ్చే తావులు ఇప్పుడు చాలా ఉన్నాయి. అవి చూడడానికి పుట్టగొడుగుల వలె ముచ్చటగా ఉంటాయి. అద్దె విన్న తరువాత అంత ముచ్చట కలుగదు. మేము ఊరి చివర, వలిసె చేల అంచున, ఒక ఆదివాసీ రైతును అడిగి ఆయన బీడులో డేరా వేసుకున్నాము. ఆయన వయస్సులో నాన్న కంటె పెద్ద. "మూడు రాత్రులకేటి డబ్బులు? దూడలు తొక్కకుండా సూసుకోండి," అన్నాడు. నాన్నే ఒప్పుకోక చేతిలో కొంత పెట్టాడు.

ఆ మాటా ఈ మాటా మీద భూమి ప్రసక్తి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో వచ్చిన నిబంధన ఒకటి ఉన్నదని, దానిని అందరూ 1/70 చట్టం అంటారని అన్నయ్య చెప్పాడు. చట్టం ఉన్నా పోయేది పోతూనే ఉన్నదని ఆ పెద్దాయన అన్నాడు. నాన్న చాలాసేపు ఆలోచించి, "మరి సముద్రానికి అలాటి సట్టం ఏటైనా ఉందేటి?" అని నన్ను అడిగాడు. కళాశాలలో చదువుతున్నదానిని గనుక నాకు తెలిసి ఉంటుందని ఆయన నమ్మకం. తీరప్రాంత నియంత్రణ నిబంధనలను గూర్చి నాకు తెలిసినంత చెప్పాను. ఆయన తలఊపాడు గాని అది తాను అడిగిన ప్రశ్నకు జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

డేరా వేయడంలో మా నాన్న చూపిన నేర్పును వర్ణించడానికి నా తెలుగు చాలదు. మేకులు నేలలోకి ఏటవాలుగా దించి, గాలి ఏ వైపు నుండి వస్తుందో గడ్డిపరక ఎగురవేసి చూసి, వాకిలిని దానికి వెనుదిరిగేటట్టు నిలిపి, పైన టార్పాలిను కప్పి, లంగరు త్రాటికి వేసే ముడులతో కట్టాడు. ఆ ముడి ఎంత లాగితే అంత బిగుస్తుంది, ఒక కొస పట్టి గుంజితే క్షణంలో ఊడివస్తుంది. పక్కన బీడులో గుడారం వేయలేక తంటాలు పడుతున్న విశాఖ కుర్రవాళ్ళు ముగ్గురు వచ్చి, "బాబాయ్, మాకూ కాస్త కట్టిపెట్టరా?" అని బ్రతిమాలుకున్నారు. ఆయన కట్టిపెట్టాడు. ఎడమచేతితోనే ఎక్కువగా కట్టడం నేను గమనించాను.

మొదటి రాత్రి చలికి ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి వేళ ఇనుపరాయి గూడ్సుబండి వెళుతున్న చప్పుడు లోయంతా నిండింది. పెట్టె తరువాత పెట్టె; ఎంతకీ అయిపోదు. చీకట్లో నాన్న గొంతు వినిపించింది. "కొండేమో సముద్రానికి దిగిపోతంది. మనమేమో సముద్రం ఒగ్గీసి కొండెక్కినాం." అమ్మ నవ్వింది. అమ్మ నవ్వు విని ఎన్నాళ్ళయిందో అనుకున్నాను.

మరునాడు చూసినవాటిని త్వరగా చెప్పివేస్తాను. పద్మాపురం తోట రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలయినదట. ఇప్పుడు అక్కడ గులాబీలు, చెట్లమీది కుటీరాలు, పిల్లల రైలు ఉన్నవి. 1996లో నెలకొల్పిన గిరిజన మ్యూజియము ఉన్నది. డుంబ్రిగూడ సమీపాన చాపరాయి వద్ద ఏరు ఒక పెద్ద రాతిపలక మీద జారిపోతుంటుంది; జనం కూడా జారిపోతుంటారు. దారి పొడుగునా వెండి ఓకు చెట్ల నీడన కాఫీతోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగలు. 2019లో ఈ కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక కొట్టులో ఐదుగురమూ తలా ఒక కప్పు త్రాగాము. నాన్న సగం త్రాగి, "మందులాగుంది," అని నాకిచ్చివేశాడు.

ఆ సాయంత్రం పడమట మబ్బు కమ్మింది. మే నెలలో కొండప్రాంతాన పిడుగులవాన సామాన్యమే. రాత్రి తొమ్మిది గంటలకు గాలి పట్టుకుంది. విశాఖ కుర్రవాళ్ళు గుడారం వదిలి వసతిగృహాలవైపు పరుగెత్తారు. మా డేరా నిలబడింది గాని ఒక మూల మేకు నాని పైకి లేచింది. నాన్న చప్పున బయటికి దూకి త్రాడు పట్టుకున్నాడు. గాలి ఒక్కమారుగా లాగేసరికి ఆయన నోటినుండి ఒక మూలుగు వచ్చింది. త్రాడు చేతిలోనుండి జారిపోయింది. అన్నయ్య దానిని అందుకుని, నడుముకు చుట్టుకుని, వాన వెలిసేదాకా ఆ మూలనే కూర్చున్నాడు. నలభై ఏళ్ళు నిండు వలను లాగిన చేతిలోనుండి ఒక డేరాత్రాడు జారిపోవడం మేమందరమూ చూశాము. టార్చిలైటు నా చేతిలోనే ఉన్నది.

వాన తగ్గిన తరువాత తడిసిన దుప్పట్ల మీద కూర్చున్నాము. నాన్నే మాట మొదలుపెట్టాడు. "సూసినావు గదా. ఇంక దాసడానికేటుంది? ఆగస్టునుంచి నువ్వు ఇంటికాడే ఉండు, పడవ నీ సేతిలో ఎడతాను. కాదంటావా, ఈ నిసేదం అయిపోగానే అమ్మీస్తాను. రేవు కట్టినాక దాని ధర మరీ పడిపోతాది."

అన్నయ్య వెంటనే బదులు చెప్పలేదు. గుడారం మీదినుండి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

"తండేలు దగ్గర బయానా తీసుకున్నాను, నాన్నా."

"ఎప్పుడు?"

"వచ్చిన వారానికే. నలభైవేలు."

ఆ నలభైవేలు ఎక్కడికి పోయాయో అడగవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. పడవ అప్పు కిస్తీ ఒకటి. నా హాస్టలు రుసుము, వచ్చే ఏడాదికి కూడా కలిపి. మిగిలినది ఈ రైలు, ఈ కాఫీ, చెల్లి ఎక్కిన పిల్లల రైలు. నేను టార్చిలైటు ఆర్పివేశాను. ఒకరి ముఖం ఒకరికి కనబడకపోవడమే ఆ వేళ మంచిదని తోచింది.

అమ్మ ఆ రాత్రి గాని, తెల్లవారిన తరువాత గాని పలుకలేదు. ఉదయం దుప్పట్లు ఎండవేసి, నెత్తళ్ళ సంచి విప్పి తడిసినవీ పొడివీ వేరుచేసి, "సంతకి ఎల్దాం," అని మాత్రం అన్నది.

నా మటుకు నాకు అరకులో చూడదగినది సంతయే. చుట్టుప్రక్కల గ్రామాల నుండి కావిళ్ళతో, తట్టలతో వచ్చిన జనం. పనసకాయలు, చింతపండు, పసుపు, అల్లం, అడ్డాకులు, వెదురుబుట్టలు. తెలుగుతో పాటు అక్కడి వారి ఒడియా మాట కలగలిసి వినిపిస్తుంది. ఒక వరుసలో ఎండుచేపల దుకాణాలు. ఆ వాసన తగలగానే అమ్మ నడక మారింది. ఒక కవ్వళ్ళ రాశి ముందు కూర్చుని, చేపను విరిచి చూసి, నాలుకకు తాకించి, ఆ అంగడి ఆమెతో తగవు పెట్టుకున్నది.

"ఇది ఇసక మీద ఎండేసినారు. వలమీద ఎండెయ్యాల. ఉప్పు కూడా సాల్లేదు."

"కొంటే కొను, నేకపోతే ఎల్లమ్మా."

ఆ ప్రక్కన చింతపండు పరచుకుని కూర్చున్న ఆదివాసీ ముసలమ్మ ఒకతె పకపకా నవ్వింది. తాను చాలాకాలంగా అనుకుంటున్న మాటను ఎవరో అన్నట్టుంది ఆ నవ్వు. అమ్మ తన సంచి విప్పి గుప్పెడు నెత్తళ్ళు ఆమె చేతిలో పోసింది. ఆమె వాసన చూసి, ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకున్నది. తరువాత జరిగిన బేరంలో డబ్బు ప్రసక్తి రాలేదు. రెండు సోలల నెత్తళ్ళు, సోలెడు ఎండురొయ్యలు ఇటునుండి అటు; చేతులనిండా చింతపండు ముద్ద, పసుపు కొమ్ములు అటునుండి ఇటు. తన చిన్నతనంలో తన తల్లి ఉప్పు కోసం శృంగవరపుకోట వరకు కొండ దిగి నడిచి వెళ్ళేదని, రాను పోను నాలుగు రోజులు పట్టేదని ఆ ముసలమ్మ చెప్పింది.

"మా ఉప్పే అయ్యుంటాది," అన్నది అమ్మ. పెళ్ళికి ముందు ఆమె నౌపడ ఉప్పుమళ్ళలో తట్టలు మోసిన మనిషి. ఏ ఉప్పు ఏ దారిన ఏ కొండ ఎక్కిందో మనం తేల్చలేము. మా నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో చిన్నరైలు వేశారు, 1931 నాటికి అది గుణుపురం చేరింది. ఆ మార్గం ఇప్పుడు బ్రాడ్‌గేజి. అరకు దిక్కు వేరు. కాని సముద్రానికి దూరమైన కొండసీమలలో అయోడిను లోపం వలన గొంతువాపు వ్యాధి వచ్చేదని, 1962లో ప్రభుత్వం దాని నివారణకు జాతీయ పథకాన్ని ప్రారంభించి అయోడిను కలిపిన ఉప్పు పంపిందని మా జంతుశాస్త్రం తరగతిలో చదివాను. చదివినప్పుడు అది పరీక్షలో వచ్చే ఐదు మార్కుల ప్రశ్న. ఆ ముసలమ్మ తల్లి నడచిన నాలుగు రోజుల లెక్క ఆ జవాబులో లేదు.

వచ్చేటప్పుడు అమ్మ చింతపండు మూట నెత్తిన పెట్టుకుని అందరికంటె ముందు నడిచింది.

నాలుగవ రోజు డేరా విప్పి, రోడ్డుదారిన బొర్రా గుహల మీదుగా తిరుగు ప్రయాణమయ్యాము. సముద్రమట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తున ఉన్న ఈ సున్నపురాతి గుహలలో నీటిబొట్టు పైకప్పునుండి రాలుతూ, తనలో కరిగిన సున్నాన్ని రవంత అక్కడ, రవంత క్రింద వదలిపెడుతుంది. పైనుండి వ్రేలాడేవి, క్రిందినుండి లేచేవి అయిన ఆ రాతికంబాలు అలా ఏర్పడినవే. అంగుళం పెరగడానికి మన ఆయుర్దాయం చాలదు. రంగురంగుల దీపాలు పెట్టి వాటికి రకరకాల పేర్లు పెట్టారు. గైడు చూపించినవన్నీ చెల్లికి కనిపించాయి, నాకు సగమే కనిపించాయి.

గోస్తనీ నది ఇక్కడే పుడుతుందని గైడు చెప్పాడు. నాన్న ఆగిపోయాడు. "ఈ నీరెక్కడికి పోతాది?" అని అడిగాడు. తాటిపూడి జలాశయానికి, అక్కడినుండి భీమునిపట్నం వద్ద సముద్రానికి అని అతను బదులిచ్చాడు. నాన్న వంగి దోసిలిలో కాసిని నీళ్ళు పట్టి నోట్లో పోసుకున్నాడు.

"భీమిలి మొగ నానెరుగుదును. విశాఖ మరబోట్లలో పనిసేసినప్పుడు దాని ఎదురుగానే ఏటాడీవోళ్ళం. వానాకాలంలో ఆ నీరు ఎర్రగా ఒచ్చి సముద్రంలో కలుస్తాది. ఎక్కణ్ణుంచొస్తాదో అనుకునీవోణ్ణి."

ఆ గుహ నోటి దగ్గర రాతిమెట్ల మీద కూర్చుని ఆయన అన్నయ్యతో మాట్లాడాడు. రెండు రోజులలో అదే మొదటి మాట. "నానూ మీ తాతకి సెప్పకుండానే విశాఖ బోటుకి బయానా తీసుకున్నాను. అప్పుడు నాకు నీకంటే సిన్నవయసు. మాటిచ్చినావు గాబట్టి ఎల్లు. పడవ అమ్మను. మీ మావ వాటాకి ఎక్కుతాడు, నాను ఒడ్డున వల సూసుకుంటాను. ఏప్రిలుకి నువ్వొచ్చినాక మల్లీ మాటాడుకుందాం."

అన్నయ్య తల వంచుకుని సరే అన్నాడు. తండ్రీకొడుకుల నడుమ రాజీ కుదిరిందని నేను సంతోషించబోతుండగా అమ్మ అందుకున్నది. "మీ ఇద్దరికీ బాగానే ఉంది. ఒకడు పోతాడు, ఒకడు పొమ్మంటాడు. ఒడ్డున కూకుని సూసీది నాను గదా. నన్నెవులైనా అడిగినారా?"

ఎవరూ అడగలేదు. ఆ మాటకు నాన్న దగ్గర జవాబు లేదు, అన్నయ్య దగ్గరా లేదు. అనంతగిరి ఘాటు రోడ్డు మీద బస్సు మలుపులు తిరుగుతూ శృంగవరపుకోటకు దిగుతున్నంతసేపూ అమ్మ కిటికీ వైపే ముఖం త్రిప్పుకుని ఉన్నది. విజయనగరం చేరేసరికి మాత్రం చెల్లి ఆకలి అనగా, అరటిపళ్ళు కొని అందరికీ పంచింది; అన్నయ్యకు రెండు ఇచ్చింది.

డేరాను ఎండబెట్టి టెంటు హౌసుకు అప్పగించినప్పుడు మేకులు పదకొండే తేలాయి. పన్నెండవది ఆ వానరాత్రి అరకు బురదలో దిగిపోయి ఉంటుంది. నా స్నేహితురాలి తండ్రిగారు పుస్తకం తీసి, పన్నెండు కొట్టివేసి పదకొండు వేసి, అద్దెకు బదులు కిలో ఎండురొయ్యలు అడిగారు. అమ్మ కిలోన్నర పంపింది.

ఆగస్టులో అన్నయ్య వెరావల్ వెళ్ళాడు. స్టేషనుకు అమ్మ రాలేదు. కాని వాడి పెట్టెలో బట్టల అడుగున అరకు చింతపండు సగం ముద్ద, మాట చెప్పకుండా, గుడ్డలో చుట్టిపెట్టింది. అక్టోబరులో ఒకనాడు బోటు రేవుకు వచ్చినప్పుడు వాడు ఫోను చేశాడు. ఆ దేశంలో పప్పులో బెల్లం వేస్తారని, బోటు మీదివాళ్ళందరూ కలిసి చింతపండు నెలరోజులలోనే అయిపోగొట్టారని చెప్పాడు. ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టాను. ఆమె అంతా విని, "ఏప్రిల్లో నువ్వొస్తే మల్లీ ఎల్దాం," అని ఫోను నా చేతికిచ్చి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది.